మూడు చిల్లుల కుండ

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున నేను అంగడి తాళాలు జేబులో వేసుకొని బయలుదేరుతుంటే, ఊర్లో ఆమె పక్కింటి బీబక్క ఫోన్ చేసింది. ఏడ్చే మనిషి మాట సగమే చెవికెక్కుతుంది. నాకు ఎక్కిన సగం ఇది: "మీ పెద్దమ్మ పాయె నాయనా. నిద్దర్లోనే పాయె. బిరీన రా. వచ్చేటప్పుడు కుండ తేవాకు."

ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడినాను. పెద్దమ్మ లేదన్న మాట కన్నా ముందు ఆ కుండ మాటే నా బుర్రలో తిరిగింది. కుండ తేవద్దంటే ఏమని? కుండ లేకుండా మనిషిని మట్టి చేస్తారా ఎవరైనా? పైగా ఆ కుండ నేనే చూసి కొనాలని పెద్దమ్మే నాతో చెప్పింది. ఒకరు కొనమంటారు, ఒకరు తేవద్దంటారు. ఆ పొద్దున మొదలైన తికమక నాకు ఈ రోజుకీ తీరలేదు. తీరుతుందేమోనని ఇది రాస్తున్నాను, అంతే.

పెద్దమ్మ అంటే మా నాయనకు అన్న భార్య. వాళ్ళకు పిల్లల్లేరు. మా నాయన ముందే పోయినాడు కాబట్టి ఆ ఇంటికి కొడుకు వరస నేనే. డోన్‌లో నాకు లారీ స్పేర్‌పార్టుల అంగడి ఉంది. ఏదైనా పని పడితే పెద్దమ్మ ఊరి నుంచి బస్సులో వచ్చి, అంగడి ముందర పాత టైరు మీద కూర్చొని, నా బేరాలన్నీ విని, నాకు వ్యాపారం చేతకాదని తేల్చి, టీ తాగి పోయేది. పోయిన ఎండాకాలం అట్లనే కూర్చొని ఉన్నట్టుండి అనింది: "అప్పా, నేను పోయినప్పుడు కుండ నువ్వు సూసి కొను. మనోళ్ళను నమ్మాకు, ప్లాస్టిక్కు బిందె ఎత్తుకొచ్చినా వస్తారు. బాగా కాలిన కుండ గావల్ల. కింద పడితే ఠప్పుమనల్ల."

"పొద్దున్నే అంగడి తెరిచినానో లేదో, ఏం మాటలు పెద్దమ్మా అవి!" అని కసురుకున్నాను.

"అంగడి తెరిచినప్పుడు చెప్పకుంటే, మూసినాక ఎవురికి చెప్పల్లరా?" అని నవ్వింది.

అందుకని, బీబక్క వద్దన్నా వినకుండా, బస్టాండు పక్కన కుండలమ్మే ఆమె దగ్గర ఆగినాను. వేలితో కొట్టి చూసినాను. గంట మాదిరి మోగింది. ఆ కుండకు మా దిక్కు బేరం చేయరు. ఆమె నా ముఖం చూసి గడ్డి చుట్టి చేతికిచ్చింది. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే పక్కసీటాయన లేచి వేరే సీటుకు పోయినాడు.

మీరు మా పెద్దమ్మను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. ఆమె ఇంట్లో ఒక్కో నీళ్ళకు ఒక్కో పాత్ర. బోరు ఉప్పునీళ్ళు వాకిట్లో సిమెంటు తొట్టిలో. ట్యాంకరు నీళ్ళు నీలం డ్రమ్ములో. తాగే నీళ్ళు క్యానులో కొనుక్కున్నా, ప్లాస్టిక్కు కంపు కొడతాయని వాటిని ఇత్తడి బిందెలోకి వంచుకునేది. వాన పడితే చూరు కింద రాగి కాగు. బియ్యం కడిగిన నీళ్ళకు సట్టి, ముఖం కడిగిన నీళ్ళకు బొక్కెన. ఒక పాత్ర చెంబు ఇంకో పాత్రలో ముంచితే అయిపోయినట్టే. పెళ్ళయిన కొత్తలో నా భార్య తెలియక స్నానం చెంబు తీసి తాగే నీళ్ళ బిందెలో ముంచింది. పెద్దమ్మ అరవలేదు, తిట్టలేదు. "ఏం పాపా, చెప్పులేసుకోని దేవుని గూట్లోకి వస్తివే" అని మాత్రం అనింది. నా భార్య ఇప్పటికీ మా ఇంట్లో చెంబు ముంచే ముందు ఒకసారి వెనక్కి చూస్తుంది.

"నీళ్ళు దాచిపెట్టుకునేది తాగేదానికి కాదురా," అనేది పెద్దమ్మ. "రేపు పొద్దున లేసేదానికి ధైర్యముండాల గదా, దానికి." ట్యాంకరు వస్తే బిందె పట్టుకొని అందరికన్నా ముందర ఆమే, అందరికన్నా గట్టిగా కొట్లాడేదీ ఆమే. కానీ ఊర్లో బాలింత ఉందంటే మాత్రం మొదటి బిందె ఆ ఇంటికి మోసి, తర్వాతనే తనది పట్టుకునేది. ఆ మాట ఎవరైనా పొగడ్తగా అంటే మళ్ళీ కొట్లాడేది. పొగిడించుకోవడం ఆమెకు చేతకాదు.

నేను ఊరు చేరేసరికి చిన్నాయన పెత్తనం మొదలైంది. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు, మా ఇండ్లలో మిగిలిన పెద్దమనిషి. ఆచారం తప్పితే ఆయనకు నిద్ర పట్టదు. చావు జరిగిన ఇంట్లో నిలవున్న నీళ్ళు మైల పడతాయని మా దిక్కు పారబోస్తారు. మట్టిపాత్రలు బయట పారేస్తారు. ఆయన చెప్పగానే పిల్లోళ్ళు నలుగురు పట్టి నీలం డ్రమ్మును వీధి వైపు ఈడుస్తున్నారు. ట్యాంకరు వచ్చి ఎన్నో దినాలైంది. డ్రమ్ము నిండుగా ఉంది. ఆమె శవాన్ని చూసినప్పుడు రాని ఏడుపు ఆ నీళ్ళను చూస్తే వచ్చింది.

అప్పుడు గోడ అవతల నుంచి బీబక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఓరి మీ ఇండ్లు బంగారం గాను! వీధిలో పారబోస్తారా? పారబోసేదే గదా మీకు గావల్సింది, యాడ పారబోస్తే ఏమి? ఆ దానిమ్మ చెట్టుకు పోయండి!"

దానికి అడ్డం చెప్పే ఆచారం చిన్నాయనకు కూడా గుర్తు రాలేదు. డ్రమ్మును పెరట్లోకి తిప్పమని పిల్లోళ్ళకు చెయ్యి ఊపినాడు. డ్రమ్ము, తొట్టి, కాగు, ఇత్తడి బిందె, ఆమె దాచుకున్న ధైర్యమంతా పెరట్లో జలకాల బండ పక్కనున్న దానిమ్మ మొదట్లోకి పోయింది. తర్వాత పాత్రలన్నీ కడిగి గోడ వెంట బోర్లించినారు. శవానికి స్నానం పోసేదానికి నీళ్ళు బీబక్క ఇంటి నుంచే బిందెలతో వచ్చినాయి. వెనక ఎవరో సాయిబులింటి నీళ్ళా అని గొణిగినారు. చిన్నాయన వాళ్ళ వైపు చూసిన చూపుకు మళ్ళీ గొణగలేదు.

నేను దానిమ్మ చెట్టు దగ్గరే నిలబడినాను. కొమ్మకు తాడుతో అల్లిన ఉట్టి వేలాడుతోంది. ఉట్టిలో ఎప్పుడూ ఉండే కుండ లేదు. మట్టిపాత్రలతో పాటు దాన్నీ పారేసినారేమో అనుకున్నాను.

ఆ చెట్టు మా పెద్దనాయన నాటింది. ఆయన నెమ్మది మనిషి. ఆ ఇద్దరిదీ ఉప్పు నిప్పు కాపురం. ఒకరి ముఖం ఒకరు చూసి మాట్లాడుకోవడం నేను చూసింది తక్కువ. ఇంట్లో నేనుంటే నా ద్వారా, నేను లేకుంటే గోడ ద్వారా. "ఆయప్పకు చెప్పప్పా, అన్నం చల్లారిపోతాందని." "వినబడిందని చెప్పు." ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఇదీ వరస. ఒకసారి పెద్దనాయన నర్సరీ నుంచి దానిమ్మ మొక్క తెచ్చినాడు. పెద్దమ్మ అప్పుడు మాత్రం నేరుగానే మాట్లాడింది.

"తాగేదానికి నీళ్ళు లేక సస్తాంటే దొరగారికి దానిమ్మ కాయలు గావల్సొచ్చినాయా? ఈ ఇంట్లో దానికి ఒక చెంబు నీళ్ళు పోయను, సూస్కో!"

"నువ్వు పోయొద్దులేమే. నా మొకం కడిగిన నీళ్ళు నేను పోసుకుంటా."

అన్నట్టుగానే ఆ పొద్దు నుంచి పెద్దనాయన ముఖం కడుక్కునేది ఆ మొక్క మీదికి వంగే. ఎండాకాలం చెట్టు వాడితే ఊరికే ఊరికే వచ్చి ముఖం కడుక్కునేవాడు. "ఎన్నిసార్లు కడిగినా అదే మొకం గదా," అనేది పెద్దమ్మ గుమ్మంలో నిలబడి. ఆయన తుడుచుకుంటూ నవ్వేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆమె మాట మీదనే నిలబడింది. ఒక్క చెంబు పోయలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ అది ఒక్క కాయ కాయలేదు.

ఆయన పోయినప్పుడు కొడుకు వరసని కుండ ఎత్తుకున్నది నేనే. ఈ ఆచారం తెలియనివాళ్ళుంటారు, చెబుతాను. మా వాళ్ళను సొంత చేన్లోనే పూడుస్తారు. కొడుకు భుజం మీద నీళ్ళకుండ పెట్టుకొని గుంత చుట్టూ మూడు చుట్లు తిరగాలి. వెనక నడిచే పెద్దమనిషి చుట్టుకొక చిల్లు కొడవలి మొనతో పొడుస్తాడు. మొదటి చుట్టుకు ఒక ధార, రెండో చుట్టుకు రెండు, మూడో చుట్టుకు మూడు. ఆఖరున కుండను భుజం మీది నుంచి వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా వచ్చేయాలి. కుండ పగలాలి. మనం చూడకూడదు. పగిలిందని చెవే చెప్పాలి. ఆ రోజు నా చెవి ఏం చెప్పిందో నాకు గుర్తులేదు. ఏడుస్తున్నాను, వెనక మనుషులు ఏడుస్తున్నారు, వదిలేసినాను, వచ్చేసినాను.

తర్వాత కొన్నాళ్ళకు నేను ఊరికి పోతే దానిమ్మ కొమ్మకు ఉట్టి, ఉట్టిలో ఒక కుండ. పెద్దమ్మ బియ్యం కడిగిన నీళ్ళు, ముఖం కడిగిన నీళ్ళు చెంబుతో అందులో పోస్తోంది. కుండలోంచి మూడు సన్న ధారలు చెట్టు మొదట్లో పడుతున్నాయి. నేను నోరెళ్ళబెట్టినాను. చెంబు పోయనని ఒట్టు పెట్టుకున్న మనిషి!

"ఏం పెద్దమ్మా, ఇదేం కుండ? చిల్లులు పడిన కుండ ఇంట్లో పెట్టుకున్నావే?"

"చెంబుతో గుమ్మరిస్తే నీళ్ళన్నీ ఒక్కపారి పారిపోతాయి. ఇట్ల అయితే చెట్టు నిమ్మళంగా తాగుతాది," అనింది.

ఇంకోసారి అడిగితే, "పని లేకుంటే కుండైనా చెడిపోతాది, మనిషైనా చెడిపోతాడు," అనింది. ఇంకోసారి అడిగితే, "నీకు వేరే పనేం లేదా?" అనింది. ఒక్కసారి కూడా ఒకే జవాబు రెండుసార్లు చెప్పలేదు. ఊర్లో ఏ బిందె కారినా సబ్బు, దూది కూరి చిల్లు మూసే మనిషి, ఈ కుండను మాత్రం కారుతుంటే చూస్తూ కూచుంటుందే అని నాకు అప్పుడే వింతగా ఉండేది.

నాకు తోచిన సాయం నేను చేసినాను. కర్నూలు నుంచి పూలచెట్లకు నీళ్ళు పోసే డబ్బా తెచ్చిచ్చినాను, పచ్చ ప్లాస్టిక్కుది, ఏనుగు తొండం మాదిరి పొడుగు మూతి, మూతి చివర జల్లెడ. పెద్దమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "శానా బాగుండాది," అనింది. మళ్ళీ నేను పోయేసరికి దాన్లో కంది విత్తనాలు పోసి, తొండంలో ఎలుకలు దూరకుండా గుడ్డ కుక్కి, అటక మీద పెట్టేసింది. ఇదేమని అడిగితే, "నా కుండకు ఉద్యోగం ఊడపీకాకప్పా," అనింది.

చెట్టు కాయడం మొదలుపెట్టింది. చిన్న కాయలు. మా దిక్కు నీళ్ళు ఒకనాడు ఉంటాయి, ఒకనాడు ఉండవు కదా, దానిమ్మకు అది పడదు, కాయలు చెట్టు మీదనే పగిలిపోయేవి. అంగడికి వచ్చినప్పుడు కొంగులోంచి ఒకటి తీసి నా బల్ల మీద పెట్టేది. "పగిలింది. అమ్మేదానికి రాదు. తిను." పుల్లగా ఉండేది. అయినా గింజ మిగల్చకుండా తినేదాకా ఎదురుగా కూర్చొనేది.

ఇక చావునాటికి వస్తాను. పాడె సిద్ధమైంది. నేను గడ్డి విప్పి కొత్త కుండ బయటికి తీసినాను. గోడ అవతల నుంచి బీబక్క సైగ చేసింది. పోతే, "కుండ తేవాకని చెప్తిని గదా నాయనా," అని తన వంటింట్లోకి తీసుకుపోయి, బోర్లించిన గంప ఎత్తింది. కింద ఆ చిల్లుల కుండ ఉంది.

"జనం రాకముందే నేనే దించుకొస్తిని. మట్టిపాత్రలతో పాటు దీన్నీ పారేస్తారని భయమాయె. మీ పెద్దమ్మ నాతో చెప్పింది: నా సావుకు ఈ కుండనే ఎత్తుకోమను, కొత్తది వద్దు అని."

"దీన్నెందుకక్కా? చిల్లుల కుండ..."

"చిల్లులు మీవోళ్ళు పొడిసినవే గదా." ఆమె గొంతు తగ్గించింది. "ఇది మీ పెద్దనాయన కుండ నాయనా. ఆ పొద్దు నువ్వు వదిలిన కుండ."

మా ఊర్లో ఆడోళ్ళు చేని గట్టు దాకా వచ్చి ఆగిపోతారు. ఆ రోజు గట్టు మీద ఆడోళ్ళంతా కొంగులు ముఖాలకు అడ్డం పెట్టుకొని ఏడుస్తుంటే, పెద్దమ్మ ఒక్కతే కొంగు అడ్డం పెట్టుకోలేదట. చూస్తూ నిలబడిందట. నేను వదిలిన కుండ అప్పుడే తవ్విన మెత్తమట్టి కుప్ప మీద పడి, పగలకుండా, ఎవరో కూర్చోబెట్టినట్టు కూర్చుందట. మగోళ్ళు ఎవరూ వెనక్కి చూడరు కదా. ఆమె నోరు తెరిచి చెప్పలేదు. మూడోనాడు పాలు పోసి అందరూ వచ్చేసినాక, ఒక్కతే మళ్ళీ చేనికి పోయి, దాన్ని కొంగు కింద పెట్టుకొని ఇంటికి తెచ్చుకుంది. ఈ సంగతి బీబక్కకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇన్నేండ్లు నేను చూస్తూ, నవ్వుతూ, ఎగతాళి చేస్తూ వచ్చిన కుండ నా భుజం మీది కుండేనా?

ఎప్పుడు వచ్చినాడో, గుమ్మంలో చిన్నాయన. అంతా విన్నాడు. ఆయన ముఖం నల్లబడింది.

"సావుకుండ ఇంట్లో పెట్టుకునిందా! కుండ పగలకుంటే పోయినోడు పోడు, తెలుసా మీకు? అయితే మా అన్న... ఇన్నేండ్లూ యాడికీ పోకుండా ఈ పెరట్లోనే తిరుగుతాండాడా?"

"తిరుగుతాంటే నీకేమన్నా అడ్డమొచ్చినాడా?" అనింది బీబక్క.

ఇంకొక రోజైతే అందరం నవ్వేవాళ్ళం. చిన్నాయన కండ్లలో నీళ్ళు తిరగడం నేను మొదటిసారి చూసినాను.

ఇప్పుడు చెప్పండి, నేనేం చేయాలి? బాగా కాలింది కొను, ఠప్పుమనాల అని నాతో చెప్పింది ఆమే. కొత్తది వద్దు, ఇదే ఎత్తుకోమను అని బీబక్కతో చెప్పింది ఆమే. ఏది ముందు చెప్పిందో, ఏది తర్వాత చెప్పిందో బీబక్కకు గుర్తులేదు. అప్పుడు పగలనిది ఇప్పుడైనా పగలాలి, ఇద్దరం కలిసి పోతాం అనా? లేక, ఈ కుండకు పగిలే రాత లేదు, నాకూ అట్లాంటిదే కావాలి అనా? బతికుండగా ఒక చెంబు పోయని మనిషి, పోయినాక ఆయన కుండతోనే ఆయన చెట్టుకు నీళ్ళు పోసిందంటే, అది ప్రేమ అనుకోవాలా? పంతం అనుకోవాలా? ఆమెనే అడిగితే "మంచి కుండ, ఎందుకు పారేసేది?" అనేదని నాకు తెలుసు. ఆ జవాబు కూడా రెండోసారి అడిగితే మారిపోయేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను తప్పు చేస్తే సరిదిద్దేదానికి ఆ మనిషి ఇంక లేదు. అదే నాకు భయం.

చిన్నాయనే తెగ్గొట్టినాడు. "సరే. ఆమె మాటే కానీ. అదే ఎత్తుకో. కానీ ఈ తూరి పగలాల. ముక్కలు ముక్కలు గావాల. మా అన్ననూ వదిననూ ఇద్దర్నీ పంపించాల."

నేను తలూపినాను.

పెద్దనాయన పక్కనే గుంత తవ్వినారు. చిన్నాయన తానే ఒక బండరాయి దొర్లించుకొచ్చి, నేను కుండ వదిలే చోట సరిగ్గా నా వెనకకు వచ్చేటట్టు పెట్టినాడు. మట్టి చేసినాక కుండ భుజాన పెట్టుకున్నాను. చిల్లులు పాతవే కాబట్టి మొదటి చుట్టులోనే మూడు ధారలు. వీపంతా తడిసింది. సగం చుట్టుకే కుండ తేలికైపోయింది. మూడు చుట్లకు నీళ్ళు చాలవని అందరూ ముఖాలు చూసుకుంటుంటే, చిన్నాయన కొడవలి కింద పడేసి, బీబక్క గట్టు మీద పెట్టిన బిందె చంకనెత్తుకొని, చెంబుతో నా కుండలో పోస్తూ వెనకే నడిచినాడు. చిల్లు పొడవాల్సిన మనిషి నీళ్ళు నింపుతూ తిరిగినాడు. మధ్యలో ఒకచోట, "నిదానంగా నడువప్పా, మీ పెద్దమ్మ తిట్టుకుంటాది, పారిపోతాండాయి," అన్నాడు.

మూడో చుట్టు అయింది. బండరాయికి వీపు పెట్టి నిలబడాలి. నిలబడినాను కూడా. కుండ అంచు పట్టుకున్న నా వేళ్ళకు ఏదో నున్నగా తగిలింది. రోజూ ఉట్టిలో సర్దిన చోట, ఆమె చేతికి అరిగిన అంచు. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఒక అడుగు పక్కకు జరిగినాను. ఎందుకు జరిగినానని అడగొద్దు. చిన్నాయనకు తలూపింది నేనే, జరిగింది నేనే. జరిగి వదిలేసినాను.

ఠప్పుమనే శబ్దం రాలేదు. మెత్తగా, బస్తా దించినట్టు ఒక చప్పుడు, అంతే.

ఎవ్వరూ వెనక్కి తిరగలేదు. తిరగకూడదు కదా. కానీ అందరి చెవులూ వెనకే ఉన్నాయని నాకు తెలుస్తోంది. నా పక్కన చిన్నాయన అడుగు ఆగింది. ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పదండి," అన్నాడు. నడిచినాము. ఎదురుగా గట్టు మీద ఆడోళ్ళు కొంగుల్లో ఏడుస్తున్నారు. ఒక్క బీబక్క మాత్రం ముఖానికి ఏమీ అడ్డం పెట్టుకోలేదు. మమ్మల్ని దాటి మా వెనక్కి చూస్తోంది.

మూడోనాడు పాలు పోసేదానికి పోయినాము. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. కుండ అక్కడే ఉంటే చిన్నాయన రాయి తీసుకొని తానే పగలగొడతాడేమో. పోయి చూస్తే కుండ లేదు. పెంకులూ లేవు. మట్టి మీద కుండ అడుగు అచ్చు, గుండ్రంగా, అంత చిన్న గుంట ఉంది. చిన్నాయన దాన్ని చూసినాడు. నన్ను చూసినాడు. పాలు పోసినాడు.

ఇంటికి తాళం వేయాలని వచ్చినాము. వాకిట్లో తొట్టి ఎండిపోయింది. డ్రమ్ము బోర్లించి ఉంది. కాగు, ఇత్తడి బిందె, బొక్కెన, అన్నీ గోడ వెంట బోర్లించి ఉన్నాయి. ఆ ఇంట్లో నీళ్ళు లేకుండా నేను ఎప్పుడూ చూసి ఎరగను. అడుగుల చప్పుడు కూడా వేరేగా వినబడుతోంది. పెరటి తలుపు తీసినాను.

ఉట్టిలో కుండ ఉంది. ఎవరో ఇప్పుడే నీళ్ళు పోసి పోయినారు. మూడు ధారలు దానిమ్మ మొదట్లో పడుతున్నాయి. మొత్తం ఆ ఇంటికంతా నీళ్ళున్నది ఆ చిల్లుల కుండలో ఒక్కదాంట్లోనే.

వెనక చిన్నాయన వచ్చి నిలబడినాడు. ధారలు సన్నబడి, ఒకటి చుక్కలైంది. కాసేపటికి రెండోదీ చుక్కలైంది.

"నిలబడి సూస్తాండావేమప్పా," అన్నాడు చిన్నాయన. "అయిపోతాండాయి. ఒక చెంబు పొయ్యి."

చెంబు కోసం నేను చుట్టూ చూసినాను. గోడ మీద బీబక్క చెయ్యి కనబడింది, ఆ చేతిలో నిండు చెంబు.